బొంత పొరల్లో

పోయినేడు అమ్మ పోయాక నార్కట్‌పల్లి ఇంట్లో ఆమెదంటూ మిగిలింది ఒక సందుగ. కర్మ అయిన మర్నాడు వదినా నేనూ దాన్ని ముందేసుకుని కూర్చున్నాం. కట్టుకోదగ్గవి ఒక పక్క, చిరిగినవి ఒక పక్క పెడదామనుకున్నాం. గంట గడిచినా కుప్పలు తేలలేదు. అమ్మ చీరల్లో కుట్టుపడనిది లేదు, పనికిరానిదీ లేదు.

"ఇవన్ని చాకలామెకు ఇచ్చేద్దాం, ఆనవాయితే గదా" అంది వదిన. చనిపోయిన మనిషి బట్టలు ఇంట్లో ఉంచకుండా చాకలికి ఇవ్వడం మా వైపు ఉన్నదే. నాకు మాత్రం సరే అనబుద్ధి కాలేదు. సందుగ అడుగున ఉన్న బొంత నన్ను ఆపింది.

మా నల్గొండ నేత గురించి చాలామందికి తెలుసు. పోచంపల్లి చీరకు 2005లో, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం మీద నుంచి దిగిన రోజు దాకానే చీరకు చరిత్ర ఉంటుందా? ఆ తర్వాత పదేళ్లో పదిహేనేళ్లో దాన్ని బతికించిన చేతుల సంగతి ఎవరు రాశారు? చీర ముందుగా కూర్చునే చోట పలచబడుతుంది. అమ్మ అక్కడ అడ్డంగా కోసేసి, బాగున్న రెండు ముక్కల్ని కలిపి కుట్టేది. ఆ కుట్టు కుచ్చెళ్లలో దాగిపోయేది. ఇంకా పిగిలితే పిల్లకు లంగా, ఆ తర్వాత పసిబిడ్డకు తొట్టెల, పొత్తిగుడ్డలు, తలమీద బిందె కింద చుట్టబట్ట, చివరికి మసిగుడ్డ. వీటి మధ్యలో ఎవరూ పైకి చెప్పని ఇంకో గుడ్డ ఉండేది. నెలనెలా ఉతికి, మగవాళ్ల కంట పడకుండా ఇంకో బట్ట కింద ఆరేసుకునేది. ఏ ముక్క ఎప్పుడు ఏ పనికి దిగాలో నిర్ణయించేది ఆడవాళ్లే. ఇంటి లెక్కల్లో మగవాళ్లు వేలు పెట్టని లెక్క బహుశా ఇదొక్కటే.

అయితే ఈ నిర్ణయం కూడా అందరు ఆడవాళ్లకూ ఒకేలా దక్కలేదు. నిజాం కాలంలో మా అమ్మమ్మ గడిలో వెట్టి చేసింది. వడ్లు దంచేది, పేడ తీసేది. కూలి లేదు. పండక్కి దొరసాని విడిచిన చీర ఒకటి చేతిలో పడేసేవాళ్లు. దొర ఎదుట మంచి బట్ట కట్టుకుని నడవడమే తప్పయిన రోజులవి. సాలోళ్లు నేసిన బట్టను గడికి ఊరికే ఇవ్వాలి, చాకళ్లు ఊరికే ఉతకాలి. అదే బట్ట పాతబడ్డాక దానంగా తిరిగి వచ్చేది, దానికి దండం పెట్టాలి.

అమ్మమ్మ ఆ చీరలు తీసుకునేది. తీసుకోనంటే బతకనివ్వరు. కానీ ఒక్కటీ కట్టుకోలేదట. పేలికలు చేసి బొంత లోపల పరిచి, పైన తన ముతక చీర వేసి దబ్బనంతో కుట్టేసింది. ఎందుకే అని అమ్మ అడిగితే "ఒంటిమీద ఏసుకుంటె వాళ్లది బిడ్డా, ఒంటికింద ఏసుకుంటె మనది" అన్నదట. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. అది చదివినప్పుడల్లా నాకు తుపాకి పట్టని మా అమ్మమ్మ దబ్బనం గుర్తొస్తుంది.

ఇంతవరకే అయితే ఈ కథ గర్వంగా చెప్పుకోవచ్చు. కానీ మా ఇంట్లోనూ విడిచిన చీరలుండేవి. గడి పోయి, మాకు నాలుగెకరాలు వచ్చాక, అమ్మ తన పాత చీరలు మా బట్టలుతికే చిన్నమ్మకు ఇచ్చేది. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒకరోజు ఆమె వాకిట్లో నిలబడి, "అక్కా, పాతయి ఇయ్యకు. పైసలియ్యి, నా బిడ్డకు ఫీజు కట్టాలె" అంది. అమ్మకు ఎంత కోపమొచ్చిందో! వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. పాలకుర్తిలో కౌలు భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన చాకలి ఐలమ్మ గురించి మేం ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లం. మా వాకిట్లో నిలబడ్డ మనిషి అడిగింది కూడా ఆ గౌరవమేనని మాకు తట్టలేదు. అమ్మమ్మ కసి మాకు వారసత్వంగా వచ్చింది కానీ, దొరసాని చెయ్యి కూడా మాకే వచ్చిందని ఆ రోజు ఒప్పుకోలేకపోయాం.

ఇప్పుడు కాలం వేరు. 1983 తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం సగం ధరకు ఇచ్చిన జనతా చీరలు అమ్మ చాన్నాళ్లు కట్టింది. నూలువి కాబట్టి అవీ బొంతలోకి చేరాయి. ఆ తర్వాత పాలిస్టర్ వచ్చింది. 2017లో బతుకమ్మ పండగకు ప్రభుత్వం పంచడం మొదలుపెట్టిన సిరిసిల్ల చీరలూ అవే. తొందరగా చిరగదు, తొందరగా ఆరుతుంది, కష్టం చేసుకునే ఆడదానికి అది చిన్న సుఖమేమీ కాదు. కానీ చెమట పీల్చదు, పసిబిడ్డ కిందికి పనికిరాదు, మెత్తబడి బొంత కాదు. చిరిగాక ఏం చేయాలన్న ఆలోచనకే అందులో చోటు లేదు. స్టీలు గిన్నెల వాళ్లకు వేయడమో, చెత్తలో పడేయడమో.

చివరికి వదినా నేనూ చిన్నమ్మకు కొత్త చీర పెట్టి, ఇవ్వాల్సిన డబ్బు ఇచ్చాం. ఆమె ఇప్పుడు ముసలిదయింది, బిడ్డ ఎక్కడో నర్సుగా చేస్తోంది. చీర తీసుకుని కాసేపు అరుగు మీద కూర్చుంది. లేచేటప్పుడు, "అక్క కట్టినదొకటి ఇయ్యి బిడ్డా, గుర్తుకుంటది. ఇది నేనడుగుతున్న" అంది. నేను సందుగ ఆమె ముందుకు జరిపాను. ఏరుకుని, నడుమ కుట్టున్న నీలం జనతా చీర తీసుకుంది.

బొంత హైదరాబాదుకు తెచ్చుకున్నాను. ఒక మూల విడిపోయి లోపలి పొర కనిపిస్తోంది, పలచని నూలు, వెలిసిన జరీ అంచు. దబ్బనం ఇక్కడ దొరకడానికి నాలుగు దుకాణాలు తిరగాల్సొచ్చింది. ఆ మూల కుట్టడం పూర్తి కాలేదు. నా కుట్లు అమ్మమ్మ కుట్లంత దగ్గరగా పడడం లేదు.