మంచుపై వాలిన విమానం: టాస్మన్ హిమానీనదంపై విహారయానం

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో 3,724 మీటర్ల ఎత్తున నిలిచిన అయొరాకి, అంటే మౌంట్ కుక్ శిఖరం చుట్టూ నేడు సాగుతున్న చిన్న విమానాల విహారం మోటారు బండ్ల వ్యాపారం నుంచి పుట్టింది. 1906లో ఆ కొండల దాకా యాత్రికులను కారులో చేర్చే సర్వీసు ఆరంభించిన రోడాల్ఫ్ విగ్లీ, మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక మిగిలిన విమానాలను కొని 1920లో టిమారు పట్టణంలో ఒక విమాన సంస్థను నెలకొల్పాడు. అది కొన్నేళ్లకే మూతపడినా, ఆయన కుమారుడు హ్యారీ విగ్లీ విమానయాన ఆశయాన్ని విడిచిపెట్టలేదు.

రెండవ ప్రపంచయుద్ధంలో వైమానిక దళ పైలట్‌గా పనిచేసిన హ్యారీ యాత్రికులను విమానంలో హిమానీనదంపైకే చేర్చాలనుకున్నాడు; కాని ఆయన ముందున్న చిక్కు సామాన్యమైనది కాదు. లోయలోని పచ్చిక మైదానం నుంచి లేవడానికి విమానానికి చక్రాలు కావాలి. కాని హిమానీనదంపై, అంటే తన బరువుకు తానే మెల్లగా దిగువకు జారే మంచురాశిపై, చక్రాలు మెత్తని మంచులో కూరుకుపోతాయి కనుక అక్కడ స్కీలు, అంటే పొడవైన జారుడు పలకలు తప్పనిసరి. ఎగురుతుండగానే స్కీలను చక్రాల కిందికి దించి, తిరిగి పైకి లేపగల ఏర్పాటే దీనికి పరిష్కారమైంది. ఆ మార్గంలో స్విట్జర్లాండ్ ముందే నడిచింది: 1946 నవంబరులో గౌలి హిమానీనదంపై కూలిన అమెరికన్ డకోటా విమానంలోని పన్నెండు మందినీ స్విస్ పైలట్లు స్కీలు తొడిగిన చిన్న విమానాలతో రక్షించగా, 1952లో హెర్మన్ గైగర్ చక్రాలూ స్కీలూ రెండూ గల విమానాన్ని కాండర్ హిమానీనదంపై దించాడు. 1955 సెప్టెంబరు 22న హ్యారీ విగ్లీ ఆస్టర్ విమానంతో మౌంట్ కుక్ చెంతనున్న టాస్మన్ హిమానీనదంపై దిగి, ఆ విద్యను పర్యాటకుల చెంతకు చేర్చాడు. రక్షణకోసం ఎదిగిన నైపుణ్యం విహారానికి ఉపకరించిన తీరు ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైనది.

ఆ నైపుణ్యంలో సాహసం కన్నా నిదానమే ఎక్కువ. విమానం వేగం తగ్గేలా వాలు పైకి ఎక్కే దిశలో దిగుతుంది, వెనక్కి జారిపోకుండా వాలుకు అడ్డంగా తిరిగి ఆగుతుంది, తిరుగు ప్రయాణంలో కిందికి దిగే వాలు ఇచ్చే వేగంతో లేస్తుంది. పలుచని గాలిలో ఇంజను శక్తి, రెక్కల ఎత్తుబలం రెండూ సన్నగిల్లుతాయి. మబ్బు కమ్మితే మంచు, ఆకాశం ఒకే తెలుపుగా కలిసిపోయి, నేల ఎంత దూరంలో ఉందో అంచనాకు అందదు.

అంతకుముందు కాలినడకన, స్కీలపైన శ్రమించి చేరవలసిన ఎగువ మంచు మైదానాలు, విమానం వచ్చాక కొండలెక్కలేని వారికీ కొద్ది నిమిషాల దూరమయ్యాయి. ఇది చిన్న మేలు కాదు. అయితే హిమానీనదం పలుచబడుతున్న కొద్దీ దాని దిగువ కొనన 1970ల తరువాత ఒక సరస్సు ఏర్పడి పెరుగుతూ వచ్చింది. పక్కనున్న రాతిమట్టి గట్లు ఆసరా కోల్పోయి విరిగిపడటంతో, ఒకనాడు యాత్రికులను బాల్ హట్ బస దాకా చేర్చిన బాట కూడా తెగిపోయింది. పర్వతారోహకులలో సైతం పలువురు నేడు ఎగువ హిమానీనదానికి ఆకాశమార్గానే చేరుతున్నారు.