జన్యువు రాత ఎవరి సొత్తు?

భాష జాతి ఉమ్మడి సంపద అని మనం చెబుతూ వచ్చాం. ఇవాళ కంప్యూటర్ మీద జన్యువులనే రాస్తున్నారు. ఆ రాత ఎవరిది? ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులకే వదిలిపెట్టడం సాహిత్యకారులకు తగదు.

జన్యువు నాలుగక్షరాల రాత. మూడేసి అక్షరాలు కలిస్తే ఒక పదం; అట్లాంటివి 64. వాటిలో 61 పదాలు 20 అమైనో ఆమ్లాలను చెబుతాయి. తక్కిన మూడూ వాక్యం ముగిసిందని చెబుతాయి. కనుక ఒకే అర్థానికి అనేక పర్యాయపదాలు. ఏ జీవి వాడుక దానిది. బెజవాడవారి ‘వదిలెయ్’ మా కొత్తవలస వైపు ‘ఒగ్గేయ్’ అయినట్లే. ఒక జీవి జన్యువు మరో జీవిలో బాగా పనిచేయాలంటే దాన్ని ఆ జీవి వాడుకలోకి తిరగరాయాలి. చదివేవాళ్ల వాడుకలో రాయాలన్న గిడుగు వాదం ప్రకృతిలోనూ చెల్లుతుందన్నమాట.

1970లో హరగోవింద ఖొరానా బృందం అమెరికాలో తొలి కృత్రిమ జన్యువును నిర్మించింది. దాని నిడివి 77 జతల అక్షరాలు. ఏళ్ల తరబడి ప్రయోగశాలలో ముక్క ముక్కగా అతికించిన శ్రమ అది. ఆనాటి చేతిపనికి తర్వాత కంప్యూటర్ తోడైంది. పర్యాయపదాల ఎంపిక సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అక్షరాలను యంత్రం కూరుస్తుంది.

దీని ఫలితం మన గడపలోకే వచ్చింది. 2020 జనవరిలో చైనా శాస్త్రజ్ఞులు కరోనా వైరస్ జన్యుపాఠాన్ని లోకానికి వెల్లడించారు. టెక్సాస్‌లో పీటర్ హోటెజ్, మరియా ఎలెనా బొటాజీల బృందం అందులో ఒక భాగాన్ని ఎన్నుకొని, ఈస్ట్ వాడుకకు అనువుగా రాయించిన జన్యువుతో టీకా సరుకు తయారుచేసింది. హైదరాబాదులోని బయలాజికల్ ఇ సంస్థ దాన్ని కోర్బెవాక్స్ టీకాగా తీర్చింది. 2021 డిసెంబరులో అనుమతి లభించింది. 2022 మార్చి 16 నుంచి దేశమంతటా 12–14 ఏళ్ల పిల్లలకు వేశారు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల వయసు అది. ఈ టీకాపై రూపకర్తలు పేటెంటు తీసుకోలేదు.

అన్నిచోట్లా ఇట్లా జరగదు. 2013లో అమెరికా సుప్రీంకోర్టు, ప్రకృతిలో ఉన్న జన్యువు ఎవరి సొత్తూ కాదన్నది. ప్రయోగశాలలో కూర్చిన ప్రతికి మాత్రం పేటెంటు పొందవచ్చన్నది. వైరుధ్యం ఇక్కడే ఉంది. తిరగరాతలో మేధాశ్రమ ఉన్నమాట నిజం. కానీ మూలపాఠం ప్రకృతిది. దాన్ని చదవడం నేర్పింది తరాల శాస్త్రజ్ఞుల సమష్టి కృషి. పర్యాయపదం మార్చినవాడు భాషకంతటికీ యజమాని కాలేడు. సాహిత్యంలో మనం ఒప్పుకోని హక్కును జీవభాషలో మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?