హార్న్స్‌డేల్ విద్యుత్ నిల్వ కేంద్రము

హార్న్స్‌డేల్ విద్యుత్ నిల్వ కేంద్రము ఆస్ట్రేలియా దేశములోని దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమున, జేమ్స్‌టౌన్ అను చిన్న పట్టణమునకు సమీపమున గల పెద్ద బ్యాటరీ కేంద్రము. రాష్ట్ర రాజధాని అడిలైడ్‌కు ఉత్తరముగా సుమారు 200 కిలోమీటర్ల దూరమున, 99 గాలిమరలు గల హార్న్స్‌డేల్ పవన విద్యుత్ క్షేత్రము ప్రక్కనే ఇది ఉన్నది. 2017 డిసెంబరు 1న పని ప్రారంభించిన నాటికి లిథియం-అయాన్ బ్యాటరీ కేంద్రములలో ప్రపంచమున ఇదే పెద్దది. దీనిని ఫ్రాన్స్‌కు చెందిన నియోయెన్ సంస్థ కొరకు అమెరికాకు చెందిన టెస్లా సంస్థ నిర్మించినది.

నేపథ్యము

దక్షిణ ఆస్ట్రేలియాలోని చివరి బొగ్గు విద్యుత్కేంద్రము 2016 మే నెలలో మూతపడినది. అప్పటికే రాష్ట్రపు విద్యుత్తులో పెద్ద భాగము గాలిమరల నుండి వచ్చుచుండెను. అదే సంవత్సరము సెప్టెంబరు 28 సాయంత్రము సుడిగాలులకు విద్యుత్ ప్రసార టవర్లు కూలినవి. ఆ సమయమున రాష్ట్రపు వాడకము 1,826 మెగావాట్లు. ఇందులో 883 మెగావాట్లు గాలిమరల నుండి, 613 మెగావాట్లు పొరుగు రాష్ట్రమైన విక్టోరియా నుండి అందుచుండెను. వోల్టేజి వెంటవెంటనే ఆరు మారులు పడిపోవుటచే తొమ్మిది పవన క్షేత్రములు తమ రక్షణ అమరికల ప్రకారము ఉత్పత్తిని తగ్గించుకొన్నవి. ఏడు సెకన్ల లోపుననే 456 మెగావాట్లు లోపించినవి. ఆ లోటు విక్టోరియా నుండి వచ్చు ప్రధాన లైనుపై పడగా ఆ సంబంధము కూడ తెగిపోయినది. సుమారు 8,50,000 మంది వినియోగదారులకు విద్యుత్తు నిలిచిపోయినది.

దోషము గాలిమరలదని కొందరు, తుఫానుదని కొందరు వాదించిరి. నిజమునకు ఆనాడు గాలికి కొరత లేదు. లోపము యంత్రముల అమరికలలో ఉండగా, తరువాత వాటిని సరిచేసిరి.

నిర్మాణము

2017 మార్చిలో టెస్లా అధిపతి ఎలాన్ మస్క్, ఒప్పందము కుదిరిన 100 రోజులలో బ్యాటరీని నెలకొల్పెదమని, లేనిచో ఉచితముగా ఇచ్చెదమని ట్విట్టరులో ప్రకటించెను. గ్రిడ్డు అనుసంధాన ఒప్పందము సెప్టెంబరు 29న కుదిరినది. అక్కడినుండి లెక్కించిన 63వ రోజున కేంద్రము ప్రారంభమైనది. అయితే ఒప్పందము నాటికే సగము పని పూర్తియై ఉండుటచే ఈ పందెమును కొంత తగ్గించి చూడవలసి ఉన్నది. నాటి కేంద్ర ఆర్థిక మంత్రి స్కాట్ మోరిసన్ దీనిని రహదారుల ప్రక్కన వినోదమునకై నిలిపిన పెద్ద అరటిపండు బొమ్మతో పోల్చి ఎగతాళి చేసెను.

సామర్థ్యము

తొలి సామర్థ్యము 100 మెగావాట్లు, 129 మెగావాట్-గంటలు. ఈ రెండు కొలతలను పత్రికలు తరచు కలగలిపి వ్రాయుచుండును. చెరువుతో పోల్చినచో మెగావాట్లు తూము వెడల్పు వంటివి, మెగావాట్-గంటలు చెరువులోని నీటి వంటివి. పూర్తి వేగముతో వాడినచో ఈ బ్యాటరీ గంటా పావుకు కొద్దిగా మించి వచ్చును. రాష్ట్రమంతటికీ ఇదొక్కటే విద్యుత్తు నీయవలసి వచ్చినచో, 2016 నాటి వాడకము లెక్కన, నాలుగు నిమిషములకు పైన కొద్ది సేపు మాత్రమే సరిపోవును. కావున గాలి లేని రాత్రులను గడుపుటకు ఇది నిర్మింపబడినదనుట పొరపాటు.

దీని అసలు ప్రయోజనము వేరు. గ్రిడ్డులో ఉత్పత్తి, వాడకము క్షణక్షణము సమానముగా ఉండవలెను. ఉత్పత్తి తగ్గినచో 50 హెర్ట్జ్‌గా ఉండవలసిన పౌనఃపున్యము పడిపోవును. మిక్కిలి పడినచో యంత్రములు ఒకదాని వెంట ఒకటి ఆగిపోవును. ఆవిరి యంత్రములు ఉత్పత్తి పెంచుటకు కొన్ని సెకన్లు పట్టును. తిరుగు భాగములు లేని బ్యాటరీ సెకనులో కొద్ది భాగమునందే స్పందించును. సామర్థ్యములో 70 మెగావాట్లు ఇట్టి భద్రత కొరకు రాష్ట్ర ప్రభుత్వము ప్రత్యేకించుకొనినది. మిగిలిన దానితో సంస్థ విద్యుత్తును చౌకగా ఉన్నపుడు కొని, ధర పెరిగినపుడు అమ్ముకొనును.

పనితీరు

2017 డిసెంబరు 14 తెల్లవారుజామున విక్టోరియాలోని లాయ్ యాంగ్ బొగ్గు కేంద్రమున 560 మెగావాట్ల యూనిట్ ఆగిపోయినది. ఎంతో దూరమున ఉన్న హార్న్స్‌డేల్ తక్షణమే 7.3 మెగావాట్లను అందించినది. ఇది స్వల్పమే అయినను, ఆ పనికి నియమింపబడిన బొగ్గు యూనిట్ కదలకముందే అందుట గమనింపదగినది. 2018లో గ్రిడ్డు నియంత్రణ సేవల ఖర్చు సుమారు 4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఆదా అయినదని ఆరెకాన్ అను సలహా సంస్థ లెక్కించినది. 2020 జనవరి 31న విక్టోరియాలో టవర్లు కూలి, రాష్ట్రము రెండు వారములకు పైగా జాతీయ గ్రిడ్డునుండి విడిపోయినపుడు కూడ ఇది పౌనఃపున్యమును నిలుపుటకు తోడ్పడినది.

అన్ని వేళల ఫలితము ఇట్లే లేదు. 2019 జులై నుండి నవంబరు వరకు, చెల్లింపు పొందిన అత్యవసర సేవను పూర్తిగా అందించు స్థితిలో కేంద్రము లేదని తేలినది. ఆ సంవత్సరము అక్టోబరులో క్వీన్స్‌లాండ్‌లోని ఒక బొగ్గు కేంద్రము ఆగినపుడు ఈ లోపము బయటపడినది. ఇందుకు 2022లో న్యాయస్థానము 9 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించినది.

విస్తరణ

2020లో కేంద్రమును 150 మెగావాట్లకు, 193.5 మెగావాట్-గంటలకు పెంచిరి. బరువైన టర్బైన్లు తిరుగుచుండుటచే గ్రిడ్డుకు సహజముగా లభించు జడత్వము బ్యాటరీలకు లేదు. ఇన్వర్టర్లచేత ఆ గుణమును అనుకరింపజేయు పద్ధతికి ఇక్కడ 2022లో అనుమతి లభించినది. పరిమాణములో మాత్రము హార్న్స్‌డేల్ చాలకాలము మొదటి స్థానమున నిలువలేదు. 2021లో విక్టోరియాలోని జీలాంగ్ వద్ద 300 మెగావాట్ల బ్యాటరీ ప్రారంభమైనది. పరీక్షల దశలోనే అందులో అగ్నిప్రమాదము సంభవించినది.