మందుచీటీ రాసే చేయి: ప్రభుత్వ సుఖవ్యాధుల క్లినిక్‌లో నర్సు స్థానం – చారిత్రక పరిశీలన

బ్రిటన్‌లో ప్రభుత్వ లైంగిక ఆరోగ్య క్లినిక్‌కు వచ్చే రోగి ఈనాడు చాలా సందర్భాల్లో వైద్యుణ్ణి కలవకుండానే చికిత్స పొంది వెళతాడు. నర్స్ ప్రాక్టీషనర్ అతను చెప్పుకోలేని మాటను వింటుంది, పరీక్షిస్తుంది, నమూనా తీస్తుంది, మందు రాస్తుంది, అతని భాగస్వాములకు విషయం ఎలా తెలియజేయాలో మాట్లాడుతుంది. మామూలుగా కనిపించే ఈ పనికి చట్టపరంగా దాదాపు సంపూర్ణమైన అధికారం లభించింది 2006లో. వినడం, కడగడం, కట్టు కట్టడం, కాపలా కాయడం మాత్రం అంతకు ఎన్నో దశాబ్దాల ముందునుంచే నర్సు పనులు. మందుచీటీ ఒక్కటే ఆమె చేతికి రాలేదు. ఆ జాప్యం ఎందుకు జరిగిందన్నదే ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

నర్స్ ప్రాక్టీషనర్ చరిత్రను సాధారణంగా 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్, హెన్రీ సిల్వర్ ప్రారంభించిన శిక్షణతో మొదలుపెడతారు. 1980ల తొలినాళ్లలో బర్మింగ్‌హామ్‌లో బార్బరా స్టిల్వెల్ చేసిన కృషిని బ్రిటన్‌కు సంబంధించి ఆ వరసలో చేరుస్తారు. వైద్యుల కొరత, పేదలకు వైద్యం అందకపోవడం ఇందుకు కారణాలుగా చెబుతారు. కొలరాడోలో మొదలైన పిల్లల వైద్యానికి ఈ వివరణ సరిపోతుంది. సుఖవ్యాధుల క్లినిక్‌కు చాలదు. వైద్యుడున్నా రోగి రాకపోవడం ఇక్కడి అసలు సమస్య. ఆ భయానికి పూర్వచరిత్ర ఉంది. అందులో తెలుగు ప్రాంతాలకూ భాగముంది.

బ్రిటన్ పార్లమెంటు 1864, 1866, 1869లలో అంటువ్యాధుల చట్టాలు చేసింది. భారతదేశంలో 1864 నాటి కంటోన్మెంట్ల చట్టం, 1868 నాటి 14వ చట్టం ఇదే పని చేశాయి. వేశ్యలుగా నమోదైన స్త్రీలు నిర్ణీత కాలవ్యవధిలో పరీక్షకు రావాలి. రోగం కనిపిస్తే లాక్ హాస్పిటల్‌లో ఉండిపోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీ నివేదికల్లో కనిపించే ఈ ఆసుపత్రుల్లో బళ్లారి, సికింద్రాబాద్ ఉన్నాయి. సికింద్రాబాద్ నిజాం రాజ్యంలోనిదే అయినా అక్కడి దండు మద్రాసు సైన్యానికి చెందింది. ఆ పేరు 1747లో లండన్‌లో వెలసిన ఆసుపత్రి నుంచి వచ్చింది; లోపలున్న స్త్రీకి మాత్రం అది 'తాళం' అనే అర్థంలోనే అనుభవానికి వచ్చి ఉంటుంది. చట్టం స్త్రీనే పరీక్షించమంది, ఆమె దగ్గరకు వచ్చిన సైనికుణ్ణి కాదు. ఈ వ్యవస్థలో మేట్రన్, దాయి రోగులకు సేవ చేశారు, రోగులు పారిపోకుండా చూశారు. ప్రజారోగ్య చరిత్రలో నర్సు పనికి పూర్వరూపాలను వెతికేవారు ఈ రెండో పనిని తేలిగ్గా దాటేస్తుంటారు.

జోసెఫిన్ బట్లర్ నాయకత్వంలో సాగిన ఉద్యమం ఫలితంగా బ్రిటన్‌లో 1886లో ఆ చట్టాలు రద్దయ్యాయి. భారత చట్టం 1888లో రద్దయింది. నిర్బంధం పోయిన తర్వాత ఏమిటన్న ప్రశ్నకు సమాధానం రావడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. వాసర్‌మన్ పరీక్ష 1906లో, సల్వర్‌సాన్ మందు 1910లో వచ్చాయి. 1913లో నియమితమైన రాయల్ కమిషన్‌కు లార్డ్ సిడెన్‌హామ్ అధ్యక్షుడు. ఆయన అంతకు ముందే బొంబాయి గవర్నరుగా పదవీకాలం ముగించి వెళ్లినవాడు. కమిషన్ నివేదిక ఆధారంగా వచ్చిన 1916 నాటి నిబంధనల ప్రకారం స్థానిక ప్రభుత్వాలు సుఖవ్యాధులకు ఉచితంగా, రహస్యంగా చికిత్స అందించాలి; ఖర్చులో 75 శాతం కేంద్ర ఖజానా భరిస్తుంది. ఎవరినీ బలవంతంగా తీసుకురాకూడదు. సికింద్రాబాద్ లాక్ హాస్పిటల్ పద్ధతికి ఇది పూర్తిగా వ్యతిరేకం.

అయితే మరుసటి ఏడాదే ఇంకో చట్టం వచ్చింది. 1917 నాటి సుఖవ్యాధుల చట్టం, అర్హత గల వైద్యుడు కాని వ్యక్తి ప్రతిఫలం తీసుకుని ఈ రోగాలకు చికిత్స చేయడాన్ని, మందు సూచించడాన్ని ఆయా ప్రాంతాల్లో నేరంగా పరిగణించింది. నకిలీ వైద్యుల నుంచి రోగులను కాపాడటం దాని ఉద్దేశం, అది న్యాయమైనదే. కానీ ఆ గీత నకిలీ వైద్యుణ్ణీ నర్సునూ ఒకే వైపున నిలబెట్టింది. నర్సుల నమోదు చట్టం రావడానికి అప్పటికింకా రెండేళ్ల వ్యవధి ఉంది. నర్సును శిక్షణ పొందిన వృత్తి నిపుణురాలిగా రాజ్యం గుర్తించకముందే ఈ రోగాల విషయంలో ఆమె హద్దు స్థిరపడిందన్నమాట.

క్లినిక్ లోపలి వాస్తవం వేరుగా నడిచింది. సల్ఫా మందులు రాకముందు గనేరియాకు వారాల తరబడి మూత్రనాళాన్ని కడగవలసి ఉండేది. సిఫిలిస్‌కు ఆర్సెనిక్, బిస్మత్ సూదులు ఏడాదికి పైగా సాగేవి. బాధ తగ్గగానే రోగులు రావడం మానేసేవారు. ఆనాటి క్లినిక్‌లను నిరంతరం వేధించిన విషయం ఇదే. మళ్లీ వచ్చేలా చేయగలిగే మనిషి ఎవరు? కనిపించిన ప్రతిసారీ అదే రోగిని అదే గదిలో తాకి, కడిగి, పలకరించే మనిషి. స్త్రీల విభాగంలో ఆ మనిషి నర్సు. పురుషుల విభాగంలో చాలాకాలం మగ సహాయకులే ఈ పని చేశారు.

రెండో ప్రపంచ యుద్ధంలో నిర్బంధం తిరిగి వచ్చింది. 1942 నాటి 33బి నిబంధన కింద ఇద్దరు వేర్వేరు రోగులు ఒకే వ్యక్తి పేరు చెబితే ఆ వ్యక్తిని బలవంతంగా పరీక్షకు పంపవచ్చు. దాదాపు అదే కాలంలో న్యూకాసిల్ పరిసరాల్లో టైన్‌సైడ్ పథకం ఇంకో దారి తొక్కింది. ఒక్క రోగి చెప్పిన పేరుతోనే ఆ వ్యక్తిని వెతికి, నచ్చజెప్పి, స్వచ్ఛందంగా రప్పించే ప్రయత్నం చేసింది. తలుపు తీసిన అత్తకో భర్తకో అసలు సంగతి తెలియకుండా మాట్లాడి, వెతుకుతున్న మనిషికి మాత్రం తెలిసేలా చెప్పాలి. ఈ నైపుణ్యం ఏ వైద్య పాఠ్యగ్రంథంలోనూ ఉండదు. 33బి యుద్ధానంతరం 1947లో ముగిసింది. సంపర్కులను నచ్చజెప్పి రప్పించే పద్ధతి నిలిచింది. 1974 నిబంధనలు రోగి వివరాల గోప్యతకు మళ్లీ చట్టరక్షణ కల్పించాయి.

మందుచీటీ విషయంలో కదలిక క్లినిక్ బయట, ఇళ్లకు వెళ్లే నర్సుల నుంచి మొదలైంది. 1986లో కంబర్లెజ్ నివేదిక, 1989లో క్రౌన్ నివేదిక నర్సుకు మందు రాసే అధికారాన్ని సిఫారసు చేశాయి. 1992లో చట్టం, 1994లో ప్రయోగాత్మక అమలు. 2000లో చట్టబద్ధమైన 'పేషెంట్ గ్రూప్ డైరెక్షన్స్' సుఖవ్యాధుల క్లినిక్‌కు నేరుగా ఉపయోగపడ్డాయి. ఫలానా లక్షణాలున్న రోగికి ఫలానా మందును నర్సు స్వయంగా ఇవ్వవచ్చని ముందే రాసిపెట్టిన ఆదేశాలివి. అంతకుముందు నర్సు అంతా విని, రోగమేమిటో గ్రహించినా, సంతకం కోసం రోగి వైద్యుడి గది ముందు కూర్చోవాలి. సిగ్గుతో ఒకసారి చెప్పిన కథను అక్కడ రెండోసారి చెప్పాలి. 2006 మేలో ఆ రెండో గది అవసరం చాలామందికి తప్పింది.

దీన్ని నర్సు విజయగాథగా మాత్రమే చదవడం సరికాదు. 2013లో ఇంగ్లండులో ఈ క్లినిక్‌ల బాధ్యత స్థానిక ప్రభుత్వాలకు మారింది, ఆ తర్వాత ప్రజారోగ్య నిధులు తగ్గాయి. నర్సు నడిపే క్లినిక్‌ను పొదుపు మార్గంగా చూసిన పాలకులూ ఉన్నారు.

మద్రాసు వైపు చూస్తే పాత నీడ ఇంకా కనిపిస్తుంది. 1986లో సునీతి సాల్మన్ మార్గదర్శకత్వంలో నిర్మల దేశంలో హెచ్ఐవీని తొలిసారి గుర్తించిన రక్త నమూనాలు చెన్నైలోని ప్రభుత్వ సంరక్షణ గృహంలో నిర్బంధంలో ఉన్న స్త్రీలవి. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. ఆ తర్వాత సుఖవ్యాధుల చికిత్సకు సురక్ష క్లినిక్‌లు, రంగుల మందు కిట్లు వచ్చాయి. హెచ్ఐవీ సోకినవారి సమ్మతికీ గోప్యతకూ 2017 చట్టం రక్షణ ఇచ్చింది. నర్సు అధికారం విషయంలో మాత్రం అడుగు పడలేదు. భారత నర్సింగ్ మండలి నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును 2016లో అత్యవసర చికిత్స విభాగానికి తెచ్చింది. 2018లో ప్రసూతి సేవల్లో ఆ హోదాకు కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు వచ్చాయి. జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్ పరిమిత లైసెన్సుకు వీలు కల్పించినా, అది లైంగిక ఆరోగ్య క్లినిక్ నర్సును ఉద్దేశించి రాసింది కాదు.

భాష ఇక్కడ ముఖ్యమవుతుంది. 'సుఖవ్యాధి' అన్న మాటలోనే రోగం కంటే ముందు తీర్పు ఉంది. రోగి ఆ మాట వాడడు. పురుషుడు 'వేడి చేసింది', 'సెగ' అంటాడు. గజ్జల్లో గడ్డ వస్తే 'అడ్డగర్ర' అంటాడు. స్త్రీ గొంతు తగ్గించి 'తెల్లబట్ట' అంటుంది, అదీ గదిలో మగవాళ్లెవరూ లేనప్పుడు. ఆ మాట సాధారణంగా మొదట వినేది నర్సో, గ్రామంలోని ఏఎన్ఎమ్మో. లక్షణాన్ని బట్టి చికిత్స చేసే ఈ విధానంలో తెల్లబట్టకు ఇచ్చేది ఆకుపచ్చ రంగు కిట్: సెక్నిడజోల్, ఫ్లుకొనజోల్. ఆ రంగు ఆమెకు తెలుసు. చీటీ మీద సంతకం మాత్రం వైద్యుడిది.