చారిత్రక చిరుబొమ్మలకు అక్రిలిక్ రంగులు

గడిచిన కాలపు సైనికులనూ రాజులనూ సామాన్యులనూ అరచేతిలో ఇమిడే బొమ్మలుగా మలచి, ఆనాటి దుస్తులకూ ఆయుధాలకూ తగ్గ రంగులు వేసే కళ ఇది. ఎక్కువ బొమ్మల ఎత్తు 28 నుంచి 54 మిల్లీమీటర్లు ఉంటుంది. సీసం, తగరం కలిసిన లోహంతోనో, ప్లాస్టిక్‌తోనో, రెజిన్‌తోనో పోతపోస్తారు. పిల్లల ఆటబొమ్మ అందంగా ఉంటే చాలు. చారిత్రక బొమ్మ మాత్రం ఏ కాలం వాడిదో, ఏ పక్షం వాడిదో తలపాగా చూసి చెప్పగలిగేలా ఉండాలి.

ఐరోపాలో ఈ కళ 18వ శతాబ్దంలో న్యూరెంబర్గ్‌లో తయారైన పలుచని తగరపు సిపాయిలతో ఊపందుకుంది. 1893లో ఇంగ్లండులో విలియం బ్రిటన్ సంస్థ లోపల బోలుగా ఉండే సీసపు బొమ్మలు పోతపోయడంతో ఖరీదు తగ్గి, అవి మధ్యతరగతి ఇళ్లలోకి చేరాయి.

తెలుగు నేల కూడా ఈ విషయంలో వెనకబడి లేదు. 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో పోతపోసిన ఇత్తడి సిపాయి బొమ్మలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఉత్తర సర్కారుల కాలపు సైనికుల రూపురేఖలకు అవి అపురూపమైన ఆధారం. ఇక రంగుల సంగతికొస్తే కొండపల్లినే చెప్పుకోవాలి. అక్కడి కళాకారులు తెల్లపొణికి కర్రను వేడికి ఆరబెట్టి, ఒళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. నునుపు తీశాక సున్నం పూత పూస్తారు. కర్ర రంగు పైకి కనబడకుండా, వేసిన రంగు మెరిసేలా చేసేది ఆ తెల్లపూతే. ఆపైన మేక వెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుతారు. ఒకప్పుడు ఆకుల, చెట్ల రంగులు వాడిన చోటికి తర్వాత ఎనామిల్ వచ్చింది. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు కోస్తా జిల్లాల సంక్రాంతి కొలువుల్లోకి చేరింది ఈ చేతుల మీదుగానే.

నీటితో పలచన చేసుకునే అక్రిలిక్ రంగులు చిత్రకారులకు అందింది 1955లో, అమెరికాలో లిక్విటెక్స్ పేరుతో. 1965లో మొదలైన వల్లేహో వంటి సంస్థలు తర్వాత చిరుబొమ్మల కోసమే ప్రత్యేకంగా రంగులు చేశాయి. అంతకుముందు రాజ్యమేలిన ఎనామిల్‌కు టర్పెంటైన్ కావాలి, వాసన భరించాలి, ఒక పూత ఆరేదాకా రాత్రంతా ఆగాలి. అక్రిలిక్‌లో రంగుపొడి పాలిమర్ కణాలతో కలిసి నీటిలో తేలుతూ ఉంటుంది. నీరు ఆవిరైతే కణాలు ఒకదానికొకటి అంటుకుని పొరగా మారతాయి, మళ్లీ నీరు తగిలినా కరగవు. అందుకే కొద్ది నిమిషాల్లోనే రెండో పూత వేయొచ్చు. ఆరాక రంగు కాస్త ముదురుతుంది కాబట్టి ముందే ఒక వాసి లేతగా కలుపుకోవాలి.

శ్రీకాకుళం, విజయనగరం తీరపు వాతావరణంలో ఈ రంగు రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. వానాకాలపు తేమలో ఆరనంటుంది, మే ఎండల్లో పళ్లెంలోనే గట్టిపడుతుంది. తడిగుడ్డ మీద బటర్ పేపరు పరిచి దాని మీద రంగు కలుపుకుంటే రెండో ఇబ్బంది తీరుతుంది. పంచె కుచ్చెళ్లకు తెలుపు వేసేటప్పుడు ముందు బూడిద రంగు పూసి, నీళ్లలా పలచన చేసిన గోధుమరంగును మడతల్లోకి జారనిచ్చి, ఆరాక మడత అంచుల మీద మాత్రమే అసలు తెలుపు అద్దుతారు. ఒకే దట్టమైన పూత వేస్తే చెక్కిన మడతలన్నీ పూడిపోతాయి. కంటిపాప చాలామంది చివరికి వదిలేస్తారు. నా దృష్టిలో దాన్ని ముందే దిద్దుకోవడం మేలు, చెడితే చర్మం రంగుతో సరిచేసుకోవచ్చు.

ఈ ప్రాంతంలో చారిత్రక బొమ్మలకు తగిన ఇతివృత్తాల్లో బొబ్బిలి యుద్ధాన్ని మించింది లేదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం ప్రభువు విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. కోట కూలింది. బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన గుడారంలోనే చంపి పగ తీర్చుకున్నాడు. బొబ్బిలిలో 1891 నాటి స్మారక స్తంభం నేటికీ ఉంది. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఈ ముట్టడిని వివరంగా రాశాడు. కానీ బట్టల రంగుల దగ్గరకు వస్తే చిక్కే. 1964 నాటి ‘బొబ్బిలి యుద్ధం’ నలుపు తెలుపు చిత్రం, 1986 నాటి ‘తాండ్ర పాపారాయుడు’ రంగుల చిత్రం. మన మనసులో ముద్రపడిన కిరీటాలూ పట్టుబట్టలూ ఆ సినిమాలవే. బొమ్మకు రంగు వేసేవారు వాటిని పక్కనపెట్టి, యుద్ధం తర్వాతి దశాబ్దాల్లో ఈస్టిండియా కంపెనీ దొరల కోసం గీసిన కంపెనీ చిత్రాల్లోని సిపాయిలనూ పాలెగాళ్ల పరివారాన్నీ ఆధారం చేసుకోవడమే ఉత్తమం. చాలామంది పదాతులకు నీలిమందు, చిరువేరు ఎరుపు, కోరా తెలుపు ఈ మూడూ సరిపోతాయి. బంగారు రంగును కత్తిపిడికీ నడికట్టుకూ పరిమితం చేయాలి.