గోరింటాకు: ఎర్రగా పండేదే అసలైన మెహందీ

ఉర్దూలో మెహందీ, హినా అని పిలిచే గోరింటాకు శాస్త్రీయ నామం లాసోనియా ఇనర్మిస్. ఇది 2 నుంచి 6 మీటర్ల వరకు పెరిగే పొద. గుత్తులుగా పూసే చిన్న పూలు మంచి సువాసన ఇస్తాయి. వీటి నుంచి అత్తరు కూడా తీస్తారు.

సాగు: వేడి, పొడి వాతావరణం అనుకూలం. విత్తనాలతో గానీ, కొమ్మలు నాటి గానీ పెంచవచ్చు. నీటి ఎద్దడిని బాగా తట్టుకుంటుంది. అందుకే ఇంటి చుట్టూ కంచెగానూ వేస్తారు. రాజస్థాన్‌లోని పాలీ జిల్లా సోజత్ ఈ పంటకు పేరు. సోజత్ మెహందీకి 2021లో జీఐ గుర్తింపు దక్కింది.

ఉపయోగాలు: చాంద్ రాత్ అయినా, పెళ్లయినా, ఆషాఢ మాసమైనా ఆడవాళ్ల చేతులు పండాల్సిందే. ఆకులోని లాసోన్ అనే పదార్థం చర్మంలోని ప్రోటీన్‌తో కలిసి రంగునిస్తుంది. తెల్ల జుట్టుకూ దీన్ని పెడతారు.

జాగ్రత్తలు: అసలు మెహందీ మొదట నారింజ రంగులో ఉండి, ఒకట్రెండు రోజుల్లో ముదురు ఎరుపు అవుతుంది. నిమిషాల్లో నల్లగా పండే 'బ్లాక్ మెహందీ'లో చాలాసార్లు హెయిర్ డైలలో వాడే పీపీడీ రసాయనం కలుపుతారు. దీంతో దురద, బొబ్బలు, మచ్చలు రావచ్చు. ఒకసారి అలర్జీ వస్తే తర్వాత హెయిర్ డై కూడా పడకపోవచ్చు. జీ6పీడీ లోపం ఉన్న పిల్లలకు మాత్రం అసలు గోరింటాకు కూడా ప్రమాదమే, రక్తకణాలు దెబ్బతింటాయి. పసిపిల్లలకు పెట్టకపోవడమే మంచిది. పండగకు కోన్ కొనేముందు అందులో ఏం కలిపారో చూడాలి. పెరట్లో చెట్టుంటే ఆకు రుబ్బి పెట్టుకోవడమే మేలు.