హక్కా నూడుల్స్, పెద్దకూర, మూసిన కిటికీ (మా వంటింటి చరిత్ర – 7)

పోయిన భాగంలో ఒట్టి తునకల గురించి రాశాను. ఈసారి నా సొంత వంటగది నుంచే మొదలుపెడతాను.

బుధవారం నాకు ఐదు క్లాసులు. ఇల్లు చేరేసరికి ఆరున్నర దాటుతుంది. పాప హోంవర్క్ ముందేసుకుని కూర్చుని, నా చెప్పులు విప్పకముందే "అమ్మా, ఇయ్యాల నూడుల్స్" అంటుంది. అరగంటలో అయ్యే వంట అదొక్కటే కాబట్టి నాకూ ఇష్టమే. ఆదివారం ఖురేషీ భాయ్ దగ్గర కిలో పెద్దకూర తీసుకుని, మిషన్‌లో రెండుసార్లు వేయించి ఖీమా చేయించుకొస్తాను. పావుకిలో చొప్పున కవర్లలో కట్టి డీప్‌ఫ్రిజ్‌లో పెట్టి, బుధవారం పొద్దున ఒక కవరు కింది అరలోకి దించి కాలేజీకి పోతాను.

వంటలో నా మొదటి పని కిటికీ మూయడం. తర్వాతే స్టవ్.

ఇనుప కడాయి బాగా కాలాక రెండు చెంచాల నూనె, అందులో ఖీమా. వెంటనే కలపొద్దు. నీళ్ళు ఊరి, ఇంకి, అడుగు ఎర్రబడేదాకా వదిలేయాలి. అప్పుడు సన్నగా తరిగిన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి, మూతపెట్టి చిన్న మంట మీద పది పన్నెండు నిమిషాలు ఉంచాలి. బర్రె కూర కదా, కోడి ఖీమాలాగా తొందరపడితే పంటికి తగులుతుంది. ఆలోపు పక్క పొయ్యి మీద నూడుల్స్ ఉడికించి, పూర్తిగా మెత్తబడకముందే వంచేసి, చల్లనీళ్ళతో కడిగి, చెంచా నూనె పట్టించి పెట్టుకుంటాను. ఇక మంట పెద్దది చేసి క్యారెట్, బీన్స్, క్యాబేజీ, క్యాప్సికం వేస్తాను. రెండు మూడు నిమిషాలు చాలు, కరకరలాడాలి. నూడుల్స్, మిరియాల పొడి, రెండు చెంచాల సోయా సాస్, ఒక చెంచా వెనిగర్. ఉప్పు చివర్లో రుచి చూసి వేసుకోవాలి, సోయా సాస్‌లోనే చాలా ఉంటుంది. పైన ఉల్లికాడలు.

సోయా, వెనిగర్ కాలిన కడాయి అంచుకి తగలగానే ఒక ఘాటు లేస్తుంది చూడండి, ఆ ఘాటు కోసమే నేను ఈ వంట నేర్చుకున్నాను. రుచి తర్వాతి సంగతి. ఆ ఘాటు ముందు ఇంకే వాసనా నిలబడదు. కింద నుంచి ఇంటి ఓనరమ్మ "నూడుల్సా మేడం?" అంటుంది. "అవునాంటీ." "చికెనా?" "అవునాంటీ."

ఈ ఇల్లు మాకు చూడగా చూడగా దొరికిన పదకొండో ఇల్లు. అడగడానికి వెళ్ళిన రోజు ఆమె చెప్పింది: "చికెన్ పర్వాలేదమ్మా, మటన్ పర్వాలేదు, చేపలైనా వండుకోండి. అది మాత్రం వద్దు." ఏదని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ తర్వాత అడ్వాన్సు ఎంతో మాట్లాడుకున్నాం.

నెల కిందట పాప నూడుల్స్ ప్యాకెట్ మీద పేరు కూడబలుక్కుని "హక్కా అంటే ఏందమ్మా? ఊరా?" అని అడిగింది. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఏ కాలంలో అతిథులకు ఏం వడ్డించాడో నేను క్లాసులో గంటసేపు చెప్పగలను. డాక్టరేటు ఇచ్చింది అలాంటి వాటికే. నా కడాయిలో ఉన్న మాటకి అర్థం మాత్రం తెలియదు. ఆ రాత్రి మొదలుపెట్టి చదివిందే ఇది.

హక్కా చైనాలో ఒక జనం పేరు. 'అతిథి కుటుంబాలు' అని ఆ మాటకు అర్థం. ఉత్తరం నుంచి తరాల తరబడి దక్షిణానికి వలస వచ్చినవాళ్ళని ముందునుంచీ ఉన్నవాళ్ళు అలా పిలిచారు. మంచి భూములన్నీ అప్పటికే ఒకరి చేతిలో ఉండటంతో వీళ్ళకి ఎక్కువగా కొండ నేలలు దక్కాయి. ఎన్ని వందల ఏళ్ళు ఉన్నా పేరు మాత్రం అతిథులే. అద్దె ఇళ్ళు మారినవాళ్ళకి ఈ పేరు కొంచెం వేరేగా వినబడుతుంది.

కలకత్తాకి చైనీయుల రాక పాతది. 18వ శతాబ్దం చివర్లో టాంగ్ అచ్యూ అనే ఆయన వారన్ హేస్టింగ్స్ దగ్గర భూమి పొంది హుగ్లీ ఒడ్డున చెరకు, చక్కెర పని మొదలుపెట్టాడు. ఆయన పేరుతోనే ఆ ఊరు అచ్చీపూర్ అయింది. తర్వాత వచ్చినవాళ్ళలో కాంటన్ వైపువాళ్ళు వడ్రంగంలోకి, హుబే నుంచి వచ్చినవాళ్ళు పళ్ళ వైద్యంలోకి పోయారు. హక్కాలు తోలు పనిలోకి దిగారు. బెంటింక్ స్ట్రీట్‌లో బూట్ల దుకాణాలు పెట్టారు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో నగరం తూర్పు అంచున, టాంగ్రాలో, తోళ్ళు శుద్ధి చేసే టానరీలు కట్టారు.

తోలే ఎందుకు? ఎందుకంటే ఆ వ్యాపారంలో వాళ్ళకి పోటీ లేదు. డబ్బున్న సవర్ణుడు జనపనార అమ్ముతాడు, టీ అమ్ముతాడు, పచ్చి తోలు దగ్గరికి రాడు. ఈ దేశపు కులం ఖాళీగా వదిలిన చోట బయటి నుంచి వచ్చిన 'అతిథులు' నిలబడ్డారు. ఎలెన్ ఆక్స్‌ఫెల్డ్ అనే మానవశాస్త్రవేత్త టాంగ్రాలో ఉండి చేసిన పరిశోధన 1993లో పుస్తకంగా వచ్చింది, ఆసక్తి ఉన్నవాళ్ళు చూడండి. ఇక్కడ ఒక మాట దాటేసి 'పీడితులంతా ఒకటే' అని రాయడం నాకు ఇష్టం లేదు. టానరీ ఓనర్లు హక్కాలు. అందులో తడి తోళ్ళు మోసినవాళ్ళలో ఎక్కువమంది బిహార్ నుంచి వచ్చిన చమార్లు. అక్కడ కూడా అడుగున ఉన్నది మనవాళ్ళే.

1962 యుద్ధం వచ్చింది. ఈ దేశంలో పుట్టిన చైనీయుల్ని కూడా అనుమానించి, సుమారు 3 వేల మందిని రాజస్థాన్‌లోని దేవళీ క్యాంపులో నిర్బంధించారు. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు. బయటికి వచ్చాక చాలామంది దేశమే వదిలిపోయారు. మిగిలినవాళ్ళ టానరీలని నగరం బయటికి తరలించాలని 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కాలుష్యం నిజమే, ఆ తీర్పుతో నాకు తగాదా లేదు. అట్లా టాంగ్రాలో తోలు తగ్గి హోటళ్ళు మిగిలాయి. పచ్చిమిర్చి, సోయా, వెనిగర్ దట్టించిన మన హక్కా నూడుల్స్ ఇక్కడి చైనీయులు ఇక్కడి నాలుకకు కట్టిన వంట. 1983లో మ్యాగీ దిగి ఇంటింటికీ నూడుల్స్ అలవాటు చేశాక ఆ వంట బండ్ల మీదికి రావడానికి అడ్డేమీ లేకపోయింది.

ఇప్పుడు మా బస్టాండ్ ముందు వరుసగా బండ్లు ఉంటాయి. అన్ని కులాలవాళ్ళూ నిలబడి తింటారు. 'ప్యూర్ వెజ్' బోర్డు కింద కూడా హక్కా ఉంటుంది, పెళ్ళిళ్ళలో కూడా ఉంటుంది. తోలు పనిచేసిన జనం పేరు నోరారా పలుకుతూ తింటున్నామని ఎవరికీ తెలియదు.

మా ఊళ్ళో ఆ పని చేసినవాళ్ళ పేరు మాత్రం అందరికీ తెలుసు. చచ్చిన గొడ్డుని మోసుకుపోవడం మా వాడ వెట్టి. మా తాత ఆ తోలుని సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, సంచిలా కుట్టి, తంగేడు చెక్క నీళ్ళు నింపి వేలాడదీసేవాడట. చెక్క దంచేది నాయనమ్మ. లంద దగ్గర పనిచేసిన చేతికి ఎన్ని సబ్బులు రుద్దినా వాసన పోదని అంటుండేది. ఊరి మోటలకి తోలు బొక్కెనలు, ఊరి కాళ్ళకి చెప్పులు, ఊరి పండుగకి డప్పులు ఇక్కడి నుంచే పోయేవి. మాంసం మాకు మిగిలేది. కరెంటు మోటర్లు వచ్చి మోట పోయింది. ప్లాస్టిక్, రబ్బరు చెప్పులు వచ్చి లంద పోయింది. కూర ఒక్కటీ మాతో పాటు టౌనుకి వచ్చింది.

ఈ కూర మీద సర్కారు లెక్కలు కూడా నడిచాయి. 1911 జనాభా లెక్కలకి హిందువుల్లో ఎవరు పూర్తి హిందువులో, ఎవరు కాదో విడదీయడానికి సెన్సస్ అధికారులు పది కొలతలు పెట్టుకున్నారు. అందులో ఒకటి, గొడ్డు మాంసం తింటూ ఆవుని పూజించనివాళ్ళు. బాబాసాహెబ్ 1948లో అంటరానివాళ్ళ పుట్టుక మీద రాసిన పుస్తకంలో ఆ జాబితాని ఎత్తి చూపించి, అక్కడి నుంచి తన వాదన నడిపాడు. బ్రాహ్మణులు గొడ్డు మాంసం వదిలేశాక కూడా చచ్చిన గొడ్డుని తినడం మానలేని పేదలే, బౌద్ధాన్ని పట్టుకుని ఉన్న ఆ జనమే, అంటరానివాళ్ళు అయ్యారన్నాడు. అందులో ప్రతి మెట్టూ చరిత్రకారులందరికీ ఒప్పుదల కాకపోవచ్చు. పళ్ళెంలో ఉన్నదాన్ని పట్టుకుని చరిత్ర రాయొచ్చని నాకు నేర్పింది మాత్రం ఆ పుస్తకమే. తెలుగు ఎమ్మేలో నా ఇంటి కూర ఎక్కడా ఎదురుపడలేదు. దిగుమర్తి సురేష్ కుమార్ 'గొడ్డు మాంసం' కవితని సిలబస్ బయట, హాస్టల్ మంచం మీద చదివాను.

(చట్టం సంగతి ఎట్లాగూ అడుగుతారు కాబట్టి: 1977 నాటి మన రాష్ట్ర చట్టం ఆవుని, దూడల్ని కోయడాన్ని నిషేధించింది. మిగతావాటికి సర్టిఫికెట్ ఉండాలి. నేను తెచ్చేది బర్రె కూర.)

2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిగినప్పుడు నేను విద్యార్థిని. గొడవల గురించి పేపర్లన్నీ రాశాయి. నాకు గుర్తున్నది వేరే. పేపర్ ప్లేటు పట్టుకుని, ఆరుబయట, నలుగురిలో ఆ కూర తినడం నాకు అదే మొదటిసారి. చేయి కొంచెం వణికింది. ఆ రోజు అంతమందిలో తిన్నదాన్ని, ఇప్పుడు యూజీసీ జీతం తీసుకుంటూ, పిల్లలకి దళిత సాహిత్యం పేపరు చెప్తూ, బుధవారం బుధవారం కిటికీ మూసుకుంటున్నాను. వేదిక మీద ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. గురువారం పాప డబ్బాలో మిగిలిన నూడుల్స్ పెడతాను. "ఎవరన్నా అడిగితే చికెన్ అని చెప్పు" అని మొదటి రోజే నేర్పాను. అప్పటికి దానికి ఆరేళ్ళు. మళ్ళీ గుర్తుచేయాల్సిన అవసరం రాలేదు. మా అమ్మ నాకు నేర్పినప్పుడు కూడా రాలేదు.

హక్కా కథ పాపకి చెప్పాను. అతిథులు అని, తోలు పని అని, క్యాంపు అని. శ్రద్ధగా విని, మరుసటి రోజు ఓనరమ్మ మనవరాలితో ఆడుకుంటూ దానికీ చెప్పిందట. "తాతవాళ్ళు కూడా తోలు పనే చేసేటోళ్ళు" అని కలిపి మరీ. ఓనరమ్మ ఇంతవరకు నన్నేమీ అడగలేదు. "నూడుల్సా మేడం?" అని కూడా అడగడం లేదు. మొన్న బుధవారం కిటికీ సగం తెరిచే వండాను. కింద టీవీ సౌండు తగ్గింది, లేదా నాకట్లా అనిపించింది.

ఆమె కొడుకు నా ఫ్రెండ్ లిస్టులో ఉన్నాడు, ఈ సిరీస్ లైక్ చేస్తుంటాడు కూడా. ఈ భాగం రెండు వారాలు ఆలస్యమైంది అందుకే. అగ్రిమెంట్ జూన్‌లో అయిపోతుంది.

వచ్చే భాగం తంగేడు చెక్క గురించి. మీ ఊళ్ళో లంద ఎక్కడుండేదో తెలిసిన పెద్దవాళ్ళుంటే అడిగి రాసి పంపండి.